ఊట మలుపులో ఇసుక

మిల్లు క్వార్టర్సు, కొండ మీద
చలి ఇంకా మొదలుకాలేదు

మరిదికి,

వదిన రాసేది. నువ్వు బాగానే ఉండి ఉంటావు. ఒంట్లో బాగాలేనప్పుడు తప్ప నీకు మేం గుర్తురాం కాబట్టి, ఇన్నాళ్ళు ఉత్తరం లేదంటే ఆరోగ్యం భేషుగ్గా ఉందని అర్థం చేసుకున్నాను. ఈ కొండ మీద ఫోను పనిచెయ్యదని నీకు తెలుసు. పనిచేసినా నేను ఉత్తరమే రాసేదాన్ని. ఫోనులో అయితే "ఊఁ, ఊఁ" అని తప్పించుకుంటావు, కాగితం మీద అలా కుదరదు.

సంగతేమిటంటే, మిల్లుకు కొత్త బస్సు వచ్చింది. పాతదాన్ని తోలుకెళ్ళి అప్పగించి, కొత్తదాన్ని నేనే తోలుకొచ్చాను. పాత బస్సులో కింద తలగడ వేసుకుంటే తప్ప నాకు రోడ్డు కనిపించేది కాదు. ఈ సీటు పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది, ముందుకు జరుగుతుంది. మా ఇంట్లో ఒక్క మనిషి కూడా ఇంత మాట వినడు.

బస్సు కొనేముందు మీ కంపెనీ ప్రయోగ మైదానానికి వచ్చి వెళ్ళినప్పటి నుంచి మా మేనేజరు మనిషి మారిపోయాడు. కనిపించినవాళ్ళందరికీ నీ కథే. "తడి నేల మీద బస్సుని గిరగిరా తిప్పేశాడమ్మా మీ మరిది. నా పని అయిపోయిందనుకున్నా. మళ్ళీ ఏదో మీట నొక్కి, అదే స్పీడులో, అదే మలుపులో తీసుకెళ్తే గీత గీసినట్టు వెళ్ళింది" అంటాడు. చెప్పిన ప్రతిసారీ బస్సు ఇంకో చుట్టు ఎక్కువ తిరుగుతోంది. మిల్లులో నీకు "జారుడు పంతులు" అని పేరు పెట్టేశారు.

మీ అన్నయ్య పైకి ఏమీ అనరు గానీ, ఆ కథ వినడానికి రోజూ ఆఫీసు ముందు నుంచే వస్తున్నారు, దారి కాకపోయినా. చలి ముదరగానే ఆయనకు మళ్ళీ ఇసుక పని మొదలు. ఊట మలుపు సంగతి నీకు తెలుసుగా, రాతిలోంచి నీళ్ళు ఊరి రోడ్డుకు అడ్డంగా పారతాయి, తెల్లారేసరికి గాజు పలకలా గడ్డకట్టేస్తాయి. నా మొదటి బస్సు కంటే ముందే ఆయనా ఇద్దరు మనుషులూ వెళ్ళి ఇసుక చల్లి వస్తారు. "మొగుడు పరిస్తే గానీ ఈవిడ కాలు పెట్టదు" అని జనం నన్ను ఆటపట్టిస్తారు.

ఇంతకీ అడగాల్సింది అడగనేలేదు. ఈ బస్సులో నా కళ్ళెదురుగా ఒక పసుపు దీపం ఉంది. దాని మీద తాగి నడుస్తున్న కారు బొమ్మ ఉంది. అది ఏమిటో, ఎప్పుడు వెలుగుతుందో, వెలిగితే నేను దేవుణ్ణి తలుచుకోవాలో నిన్ను తలుచుకోవాలో వివరంగా రాయి.

నీ వదిన


ప్రయోగ మైదానం షెడ్డు

వదినకు నమస్కారాలు.

దేవుణ్ణే తలుచుకోండి, నేను సెలవుల్లో దొరకను.

మా మేనేజరు, మీ మేనేజరు ఇద్దరూ వెనక సీట్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అరిచిన మాట మాత్రం నిజం. దిగాక ఇద్దరూ ఎవరి చొక్కా వాళ్ళు సర్దుకుని, ఏమీ జరగనట్టు టీ తాగారు.

ఇక దీపం సంగతి. బస్సులో ప్రతి చక్రం దగ్గర ఒక చిన్న సెన్సార్ ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో అది చూస్తూ ఉంటుంది. మీరు బురదలోనో తడిలోనో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కారనుకోండి, చక్రం ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, బండి కదలదు. మిగతా చక్రాల కంటే ఇదొక్కటే తెగ తిరుగుతోందేమిటని యంత్రం పసిగట్టి, ఇంజను జోరు తగ్గిస్తుంది, ఆ చక్రానికి మాత్రం బ్రేకు వేస్తుంది. ఇది ట్రాక్షన్ కంట్రోల్. బయలుదేరేటప్పుడూ, ఎక్కేటప్పుడూ దీనితో పని.

రెండోది స్టెబిలిటీ కంట్రోల్. మీరు స్టీరింగ్ ఎంత తిప్పారో దానికి తెలుసు. బండి నిజంగా ఎంత తిరుగుతోందో చెప్పే సెన్సార్ ఇంకొకటి బస్సు అడుగున ఉంది. ఈ రెండూ కలవకపోతే బండి జారుతోందన్నమాట. మీరు తిప్పినా ముక్కు తిరగక బస్సు తిన్నగా పోతోందనుకోండి, మలుపు లోపలి వైపు వెనక చక్రాన్ని పట్టి ఆపుతుంది. ఒక చెయ్యి పట్టి లాగితే మనిషి అటు తిరుగుతాడు కదా, బస్సూ అటు తిరుగుతుంది. తోక జారిపోతుంటే బయటి వైపు ముందు చక్రాన్ని పడుతుంది. ఇదంతా మీరు "అమ్మో" అనే లోపే అయిపోతుంది. అప్పుడే ఆ తాగుబోతు కారు మినుకుమినుకుమంటుంది. మీరు ఏ చక్రానికి బ్రేకు వెయ్యాలో ఆలోచించక్కర్లేదు, ఎటు వెళ్ళాలో అటు తిప్పి పట్టుకుంటే చాలు.

నేను చేసే పనుల్లో నిజంగా మనుషులకు పనికొచ్చేది ఇదొక్కటే వదినా. మా ఇంటి మనిషి నడిపే బండిలోకే అది వచ్చి కూర్చున్నందుకు గర్వంగా ఉంది. అన్నయ్యకి కూడా చదివి వినిపించండి. ఆఫీసు ముందు నుంచి తిరిగి రావక్కర్లేదని చెప్పండి.

మీ మరిది


మిల్లు క్వార్టర్సు
నీళ్ళు గడ్డకట్టడం మొదలైంది

మరిదికి,

నీ తాగుబోతు కారుని చూశాను. గోదాము వెనక పల్లంలో, వాన పడ్డ ఎర్రమట్టి మీద, బస్సు నిండా జనంతో వెళ్తుంటే తోక జర్రున పక్కకి జారింది. అంతలోనే కింద గరగరమని చప్పుడై, బ్రేకు నేను వెయ్యకుండానే పడి, తోక వచ్చి మళ్ళీ నా వెనకే బుద్ధిగా నిలబడింది. దీపం రెండుసార్లు కన్నుకొట్టి ఊరుకుంది. వెనక కూర్చున్నవాళ్ళకి తెలియనే లేదు.

నిజం చెప్పొద్దూ, నాకు ముద్దొచ్చింది ఆ యంత్రం. మధ్యాహ్నం క్యాంటీనులో అందరికీ చెప్పాను. మేనేజరు అడిగితే రెండు ముక్కలు రాసి కూడా ఇచ్చాను, డ్రైవరు అభిప్రాయం కావాలంటే. "ఇన్నేళ్ళ డ్రైవింగులో ఇంత ధీమాగా ఎప్పుడూ నడపలేదు" అని రాశాను. దాన్ని నోటీసు బోర్డుకు అంటించారు. మిల్లులో నా చేతిరాత బోర్డెక్కడం ఇదే మొదలు.

ఆ పక్కనే ఇవాళ ఇంకో కాగితం అంటించారు. ఇసుక ముఠా రద్దు. ఆ ఇద్దరు మనుషులకీ సెలవిచ్చేశారు. మీ అన్నయ్యని గోదాములోకి మార్చారు, నూలు బేళ్ళు దించే చోట నిలబడాలి. కొత్త బస్సు జారదు కాబట్టి రోడ్డు మీద ఇసుక దండగ అని మేనేజరు లెక్క.

నేను వెళ్ళి అడిగాను. "ఊట మలుపు సంగతేమిటి సార్?" అన్నాను. "బస్సు చూసుకుంటుందమ్మా. మీ మరిదే చూపించాడు కదా, మీరే రాసిచ్చారు కదా" అన్నాడు.

మీ అన్నయ్య పార మూలన పెట్టి, చేతులు కడుక్కుని, అన్నం తిని పడుకున్నారు. నీ మీద కోపమో, నా మీద కోపమో తెలియడం లేదు. తిట్టినా బాగుండును.

వేళాకోళం లేకుండా అడుగుతున్నాను, ఒక్క ముక్కలో చెప్పు. గాజులా గడ్డకట్టిన రోడ్డు మీద, ఇసుక లేకుండా, నీ యంత్రం నా బస్సుని పట్టుకుంటుందా పట్టుకోదా?

నీ వదిన


ప్రయోగ మైదానం షెడ్డు

వదినకు,

పట్టుకోదు.

ఒక్క ముక్కలో అడిగారు కాబట్టి ముందు అది రాశాను. మీ ఉత్తరం నిలబడే చదివాను, ఇంకా కూర్చోలేదు.

యంత్రం దగ్గర సొంతంగా పట్టు ఏమీ లేదు వదినా. ఉన్న పట్టు అంతా టైరుకీ రోడ్డుకీ మధ్యే ఉంటుంది, అదీ అరచేతంత చోట. ఉన్న పట్టుని ఏ చక్రం దగ్గర ఎంత వాడాలో యంత్రానికి తెలుసు, అంతే. తడి రోడ్డు మీద కొంచెమైనా పట్టు మిగిలి ఉంటుంది, దాన్ని పొదుపుగా పంచుతుంది. గడ్డకట్టిన చోట పంచడానికి ఏమీ ఉండదు. ఏ చక్రానికి బ్రేకు వేసినా ఆ చక్రం ఆగి జారుతుంది. దీపం మాత్రం వెలుగుతుంది.

ఇంకో సంగతి చెప్పాలి. మా మైదానంలో ప్రదర్శనకు ముందు నేల తడపడం ఒక పద్ధతి. తక్కువ తడిస్తే యంత్రం లేకపోయినా బస్సు జారదు, చూసేవాళ్ళకి తేడా తెలియదు. మరీ జారుడుగా చేస్తే యంత్రం ఉన్నా బస్సు జారుతుంది, అప్పుడూ తేడా తెలియదు. అందుకని ఆ రెంటికీ మధ్య, తేడా బాగా కనిపించేలా తడుపుతాం. పైపు పట్టుకుని నేల చూస్తూ "ఇక చాలు" అనేది నేనే. ఇది మోసం అని మాలో ఎవరికీ ఎప్పుడూ అనిపించలేదు. పనిచేసే చోట పనిచేస్తుందని చూపించడమే కదా మా పని. పనిచెయ్యని చోటు ఎలా ఉంటుందో చూపించమని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

మీ మేనేజరుకి ఇవాళే రాస్తున్నాను. ఇసుక తప్పనిసరి అని, లేకపోతే చక్రాలకి గొలుసులైనా వెయ్యాలని. అన్నయ్యకి నా మాటగా చెప్పండి, ఆయన పని తీసెయ్యడానికి నేను ఆ బస్సు తిప్పలేదు.

మీ మరిది


మిల్లు క్వార్టర్సు
మంచి చలి

మరిదికి,

నీ ఉత్తరం మేనేజరుకి అందింది. నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, మీ ప్రదర్శన సినిమా చూపించాడు. మీ కంపెనీవాళ్ళే పంపారట. అందులో నువ్వు ఉన్నావు, టోపీ పెట్టుకుని, నవ్వుతూ. "జారుడు రోడ్డు మీద కూడా మీ బండి మీ అదుపులో" అన్నావు. మేనేజరు దాన్ని ఆపి, "ఇది ఆయన ఉద్యోగంగా చెప్పిన మాట. ఉత్తరం అన్నగారి కోసం రాసిన మాట. నేను ఏది నమ్మాలి?" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాడు. అతనికి ఇసుక ఆపేసినందుకు పైనుంచి శెభాష్ వచ్చింది, ఇప్పుడు మళ్ళీ చల్లమంటే మొహం చెల్లదు. గొలుసులు వేస్తే కొత్త టైర్లు పాడవుతాయట.

పైగా నోటీసు బోర్డు మీద నా రాత. అది చింపేద్దామని వెళ్ళాను, అద్దం వెనక పెట్టి తాళం వేశారు.

మీ అన్నయ్యకి నీ ఉత్తరం చదివి వినిపించాను. నేల తడపడం గురించి రాసిన చోట చిన్నగా నవ్వారు. "వాడు చిన్నప్పుడు కూడా అంతే, గెలిచే ఆటే ఆడేవాడు" అన్నారు. కోపంగా కాదు, ముద్దుగానే. మనసు కుదుటపడింది నాకు.

మర్నాటి నుంచి తెల్లవారుజామునే లేచి వెళ్తున్నారు. పాత ఇసుక కుప్ప ఇంకా ఊట మలుపు పైన పడి ఉంది కదా, దాన్నే గోనెసంచిలో మోసుకెళ్ళి ఒక్కరే చల్లుతున్నారు. ముగ్గురు చేసే పని ఒక్కరికి తెమలదు. నేను రాత్రి డ్యూటీ వాళ్ళని దింపడానికి కిందికి వచ్చేసరికి ఇంకా అక్కడే ఉంటారు. బస్సు చూసి, కొండ వైపు రాతికి ఆనుకుని నిలబడి, వెళ్ళమని చెయ్యి ఊపుతారు. తర్వాత నడిచి పైకెళ్ళి గోదాములో నిలబడతారు. వద్దంటే వినరు. "నీ కోసం కాదులే, బస్సు నిండా జనం ఉన్నారు" అంటారు. ఆ మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

నువ్వే ఒకసారి వచ్చి మేనేజరుకి ఎదురుగా చెప్పు. ఆ మలుపుకి తీసుకెళ్ళి చూపించు. నీ నోటితో వింటే కాదనలేడు.

నీ వదిన


ప్రయోగ మైదానం షెడ్డు

వదినకు,

రాలేకపోతున్నాను. సెలవు అడిగితే ఎందుకని అడిగారు, చెప్పాను. "మనం బస్సు అమ్మాం, రోడ్డు అమ్మలేదు. వాళ్ళ రోడ్డు గురించి మనవాడు వెళ్ళి మాట్లాడితే మన బస్సులో లోపం ఉందని అనుకుంటారు" అన్నారు. ఉద్యోగం మానేసి రావచ్చు. అలా వస్తే మేనేజరు నా మాట అసలే వినడు, ఉద్యోగం పోయినవాడి ఉక్రోషం అంటాడు. ఈ ముక్క నాకు నేను చెప్పుకునే సాకు కూడా అయి ఉండొచ్చు, తెలియదు.

నా చేతిలో ఉన్నది ఒక్కటే, ఎలా నడపాలో చెప్పడం. నిదానంగా చదవండి.

మలుపులోకి వెళ్ళకముందే వేగం తగ్గించండి, నడక వేగానికి. మలుపులో బ్రేకు తొక్కొద్దు, యాక్సిలరేటర్ తొక్కొద్దు. చక్రాలు ఊరికే దొర్లనివ్వండి. అయినా ముక్కు తిరగక బస్సు తిన్నగా లోయ వైపు జారిందనుకోండి, భయపడి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు. లోయ వైపు చూడొద్దు. కొండ వైపు తిప్పి, అలాగే గట్టిగా పట్టుకోండి. ఎక్కడో ఒక చక్రానికి కాస్త పట్టు దొరుకుతుంది. దొరికిన క్షణంలో యంత్రం లోపలి చక్రాన్ని పట్టి ముక్కుని కొండ వైపు లాగేస్తుంది. రాతికి రాసుకుంటే రాసుకోనివ్వండి. రేకు సొట్టపోతుంది, అద్దాలు పగులుతాయి, అంతే. లోయ కంటే రాయి మేలు. ఏం జరిగినా కొండ వైపే.

దీన్ని రోజూ మనసులో ఒకసారి చేసి చూసుకోండి. చేతులకి అలవాటైపోవాలి. ఆ క్షణంలో ఆలోచించే వ్యవధి ఉండదు.

మీ మరిది


మిల్లు క్వార్టర్సు

మరిదికి,

నువ్వు వచ్చావు, పాడె మోశావు, వెళ్ళావు. ఇల్లంతా జనం. మనిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నువ్వు బయలుదేరేటప్పుడు గడపలో నిలబడ్డావు, నేను లోపల ఉండీ రాలేదు. ఎదురుగా చెప్పలేనివి రాస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి "ఏమీ గుర్తులేదు" అన్నాను. అంతా గుర్తుంది.

ఆ ముందు రోజు వాన పడింది. తెల్లారేసరికి ఆగి, గాలి మొదలైంది. ఊట ఎక్కువైందని మీ అన్నయ్య ఎప్పటికంటే ముందే వెళ్ళారు. నేను రాత్రి డ్యూటీ వాళ్ళని ఎక్కించుకుని దిగాను. మలుపు కనిపించకముందే వేగం తగ్గించాను. నువ్వు చెప్పినట్టే, నడక వేగానికి. ఆ రోజు నీళ్ళు మలుపు దాటి పైకి కూడా పాకి గడ్డకట్టాయని నాకు తెలియదు. మలుపుకి ఇంకా ముందే కింద చక్రాలు వదిలేశాయి. స్టీరింగ్ తిప్పితే ఏమీ లేదు, గాలిని తిప్పినట్టుంది. దీపం వెలుగుతూనే ఉంది. గరగరమని చప్పుడు వస్తూనే ఉంది. బస్సు తాపీగా, ఏ తొందరా లేకుండా, తిన్నగా లోయ వైపు వెళ్తోంది. వెనక ఎవరో ఆవిడ "ఏమైంది?" అంది. కేక కూడా కాదు, మామూలుగా అడిగింది.

నేను కొండ వైపు తిప్పి పట్టుకున్నాను.

మీ అన్నయ్య కొండ వైపు నుంచి చల్లడం మొదలుపెట్టారు, ఊట అక్కడే కదా పుట్టేది. సగం రోడ్డే అయింది. నన్ను చూసి, ఎప్పటిలాగే రాతికి ఆనుకుని నిలబడ్డారు. చెయ్యి కూడా ఎత్తారు. అప్పుడు బస్సు తిరిగింది. అంతసేపూ తిరగనిది ఒక్కసారిగా తిరిగింది.

బస్సులో ఒక్కరికి చెయ్యి విరిగింది. మిగతావాళ్ళు తమంతట తామే దిగారు.

అందరూ వచ్చి నా చేతులు పట్టుకుంటున్నారు. "నీ వల్లే బతికాం" అంటున్నారు. ఆ మాట అన్నాక, ఏమన్నారో గుర్తొచ్చి, చేతులు వదిలేస్తున్నారు. మేనేజరు ఏడ్చాడు, నిజంగానే. ఏడ్చాక, "యంత్రం లేకపోతే బస్సు మొత్తం పోయేదమ్మా" అన్నాడు.

బస్సులో ఉన్న రికార్డు పెట్టెని మీ దగ్గరికే పంపారని విన్నాను. నువ్వు చూసే ఉంటావు. నాకు ఒక్కటే కావాలి. నేను తిప్పినందుకు తిరిగిందా, లేక జారి జారి దానంతట అదే అటు వెళ్ళిందా? నన్ను ఓదార్చడానికి రాయకు. ఓదార్చేవాళ్ళు ఇక్కడ వీధికి ముగ్గురున్నారు.

వదిన


ప్రయోగ మైదానం షెడ్డు

వదినకు,

మీరు తిప్పినందుకే తిరిగింది.

పెట్టె నేనే విప్పాను. ఇంకొకరికి ఇవ్వబోతుంటే నేనే అడిగి తీసుకున్నాను. మీరు మలుపులోకి వచ్చిన వేగానికి వంక పెట్టడానికి లేదు. బ్రేకు మీద మీ కాలు లేదు. స్టీరింగ్ కొండ వైపు పూర్తిగా తిప్పి ఉంది, ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. యంత్రం మొదటి నుంచీ లోపలి వెనక చక్రాన్ని పట్టుకుంటూనే ఉంది, వదులుతూనే ఉంది. చక్రం ఆగిపోతోంది, జారుతోంది. ఏమీ దొరకడం లేదు. తర్వాత ఒక చోట కొండ వైపు చక్రాలు రెండూ ఒకేసారి నేలను పట్టుకున్నాయి. అది అన్నయ్య చల్లిన ఇసుక. లోయ వైపు చక్రాల కింద ఇంకా ఏమీ లేదు. ఒక వైపే పట్టు, అటే బ్రేకు, అటే స్టీరింగ్. ముక్కు కొట్టినట్టు తిరిగింది. ఇసుక లేకపోతే మీరు ఎటు తిప్పినా బస్సు లోయలోకే వెళ్ళేది, అందరితోనూ. అన్నయ్య మాత్రం రాతికి ఆనుకుని చూస్తూ ఉండేవాడు.

అడిగింది ఇదే కాబట్టి రాశాను. ఇంకొకటి మీరు అడగలేదు. అన్నయ్య కొండ వైపు రాతికి ఆనుకుని నిలబడతాడని మీరు రాశారు. ఏం జరిగినా కొండ వైపే తిప్పమని నేను రాశాను. మీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని, దాన్ని చూస్తూనే జవాబు రాశాను. రాయి కనిపించింది నాకు, సొట్టపోయే రేకు కనిపించింది, పగిలే అద్దాలు కనిపించాయి. మనిషి కనిపించలేదు. మా మైదానంలో మలుపు పక్కన ఎప్పుడూ ఎవరూ నిలబడరు వదినా, ప్లాస్టిక్ డబ్బాలు పెడతాం.

రిపోర్టులో ఇసుక వల్లే పట్టు దొరికిందని రెండు చోట్ల రాశాను. పైనుంచి మిల్లుకి వెళ్ళిన కాపీలో ఆ మాటే లేదు. "అతి కఠినమైన పరిస్థితుల్లో కూడా వ్యవస్థ సంపూర్ణంగా పనిచేసింది, ప్రయాణికులందరూ క్షేమం" అని ఉంది. ప్రయాణికులు అని రాశారు కాబట్టి అందులో అబద్ధం లేదు. నేను వెళ్ళి గొడవ చేశాను. నన్ను ప్రదర్శనల నుంచి తీసేసి ఒట్టి నేల తడిపే పనిలో పెట్టారు. మీ బస్సు కథ కొత్త సినిమాలో చేరుస్తారట.

నేను ఏమని రాసి ఈ ఉత్తరం ముగించాలో తెలియడం లేదు.

మరిది


మిల్లు క్వార్టర్సు
చలి తగ్గలేదు

మరిదికి,

నీ ఉత్తరం చేరింది. నిజం రాసినందుకు నీ మీద కోపం లేదు. అబద్ధం రాసి ఉంటే నాకు తెలిసేది, చేతులకి తెలుసు.

ఆ కొండ వైపు సంగతి నువ్వొక్కడివే మోస్తున్నట్టు రాశావు. నీ ఉత్తరం వచ్చిన రోజు మీ అన్నయ్యకి మొత్తం చదివి వినిపించాను. "లోయ కంటే రాయి మేలు" అన్న చోట తల ఊపారు. "బాగా చెప్పాడు వాడు, అలాగే చెయ్యి" అన్నారు. ఆయన రోజూ నిలబడే చోటు అదే. రోజూ ఆయన్ని అక్కడ చూసేది నేను. ఉత్తరం రాసింది నువ్వు. ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఎవరికి ఎంత అని పంచుకుంటే ఇది తగ్గేది కాదు.

నేను మళ్ళీ బస్సు ఎక్కాను. క్వార్టర్సు ఉద్యోగంతో పాటే కదా. ఎక్కకపోతే ఈ గది ఖాళీ చెయ్యాలి, ఆయన చొక్కాలు ఇంకా తలుపు వెనకే వేలాడుతున్నాయి. మేనేజరు మంచిగానే మాట్లాడాడు. పగిలిన అద్దాలు మార్చారు, సొట్ట తీయించి రంగు వేయించారు. ఎక్కడ తగిలిందో ఇప్పుడు నేను కూడా చెప్పలేను.

ఇసుక ముఠా రాలేదు. రాదు. యంత్రం సంపూర్ణంగా పనిచేసిందని కాగితం ఉన్నాక ఇసుక ఎందుకు?

అందుకని నేనే ఊట మలుపు పైన బస్సు ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, దిగి, సంచీతో చల్లుతున్నాను. లోయ వైపు నుంచి మొదలుపెట్టి కొండ వైపు దాకా. నాకు ఆయనంత చెయ్యి తిరగదు, చాలాసేపు పడుతుంది. మొదటి రోజు నలుగురైదుగురు దిగి సాయం చేశారు. ఆ రోజు "ఏమైంది?" అని అడిగినావిడ కూడా దిగింది, ఏడుస్తూ చల్లింది. వారం తిరిగేసరికి ఎవరూ దిగడం లేదు. రాత్రంతా నిలబడి పనిచేసిన వాళ్ళు, ఇంటికెళ్ళి పడుకోవాలి. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటున్నారు. "రోజూ ఇదే తంతు" అని వెనక సీటులోంచి ఒకాయన అన్నాడు. వాళ్ళని నేను తప్పుపట్టను. బతికిన మనిషి ఎన్నాళ్ళని బతికానని గుర్తుపెట్టుకుంటాడు?

కింద ఎక్కాల్సిన పగటి డ్యూటీ వాళ్ళు ఆలస్యమవుతున్నారని చివరికి ఫిర్యాదు వెళ్ళింది. అందరూ కలిసి సంతకాలు పెట్టారు. ఆవిడ పేరు కూడా ఉంది. మేనేజరు ఆ కాగితం నా ముందు పెట్టి, "నాకు మీ బాధ తెలుసమ్మా, కానీ బస్సు టైముకి నడవాలి. మలుపులో ఆపనని రాసిస్తే చాలు" అన్నాడు.

రాసిచ్చాను. రేపటి నుంచి ఆపను.

ఉత్తరాలు రాస్తూ ఉండు. ఒంట్లో ఎలా ఉందో, ఏం తిన్నావో, ఏదైనా రాయి, చదువుతాను. ఆ బస్సు ఎలా నడపాలో మాత్రం ఇక నాకు రాయకు మరిదీ. నువ్వు చెప్పింది చెప్పినట్టే చేస్తాను నేను.

నీ వదిన